మిద్దె తలుపు తాళం

ఆదోనిలో మేముండే మూడంతస్తుల ఇంట్లో ఆరు కాపురాలు. మాది పై అంతస్తు. ఇంకో వరస మెట్లెక్కితే మిద్దె. ఆ మిద్దె తలుపుకి తాళం వేసింది నేనే. ఎండబెట్టిన మిరపకాయలు రెండు మూడు పిడికెళ్లు తగ్గాయని నా అనుమానం. అదీ ఎదురు వాటాలో ఉండే ఆవిడ మీద. నాకు కడుపులో మాట దాగదు, మొహం మీదే అడిగేశాను.

"నీ మిరపకాయలు తిని బతకాల్నా అక్కా నేను?" అందావిడ. ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు. బజారుకెళ్లి, "పగలగొట్టినా పగలకూడదప్పా" అని అడిగి మరీ గట్టి తాళం తెచ్చాను. తాళంచెవి నా నడుముకి చేరింది.

కింద మెట్ల మలుపులో, మీటరు పెట్టెల కిందే, కోసిగి ఊరి నుంచి వచ్చి కింది గదిలో అద్దెకుండే కుటుంబం సామాను ఉండేది. గుంటూరు వైపు కోతలకు పోయేటప్పుడు గది ఖాళీ చేసి, మంచం, బొంతలు, దూది పరుపులు అక్కడ సర్దిపోతారు. వాళ్లు తిరిగొచ్చేదాకా ఎవరమూ ముట్టుకోం. వలస పోయినవాళ్ల సామాను కదిలిస్తే పాపమని మా అందరికీ ఒక పట్టింపు.

ఒకరోజు ఫైరాఫీసు నుంచి ఒకాయన వచ్చి చూశాడు. "మెట్ల మీద సామాను పెట్టకూడదమ్మా. మిద్దె తలుపుకి తాళం అసలు వేయకూడదు, చట్టం ఒప్పుకోదు. కింద నిప్పంటుకుంటే మీరంతా పైకే పరిగెత్తాల" అన్నాడు.

"చట్టాన్ని మీ ఆఫీసులో పెట్టుకోండి సార్. నా మిరపకాయలకి మీరొచ్చి కాపలా కాస్తారా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆయన మళ్లీ చూడ్డానికొచ్చిన రోజు, పాపమనుకుంటూనే మంచం, బొంతలూ పరుపులూ మా ఇంట్లో దాచి, తాళం తీసి, బుద్ధిమంతుల్లా నిలబడ్డాం. జీపు సందు దాటిందో లేదో, ఎక్కడివి అక్కడే పెట్టేశాం. మా తెలివికి మేమే మురిసిపోయాం కూడా.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం యెమ్మిగనూరులో చెల్లెలింటి నుంచి తిరిగొస్తున్నాను. బస్సు ఊరు దాటగానే మా అమ్మాయి ఫోను. పరీక్షలకు చదువుకుంటూ ఒక్కతే ఇంట్లో ఉంది.

"అమ్మా, మీటర్ల కాడ పరుపులు అంటుకున్నాయి. మెట్లంతా పొగ. కిందికి పోయేకి లేదు. మిద్దె తాళంచెవి యాడ పెట్టినావు?"

నడుము తడుముకున్నాను. ఉంది.

"సెప్పమ్మా, యాడుంది?"

"నా కాడే ఉందే తల్లీ."

అటు దగ్గు వినిపించింది. ఫోను తెగిపోయింది.

"బిరీన పోనీ అన్నా! మా ఇల్లు కాలిపోతాంది, బిడ్డ లోపలుంది!" అని డ్రైవరు మీద అరిచాను.

"గొర్లు అడ్డమొచ్చినాయి సూడమ్మా, యాడికి పోనీల్ల?" అన్నాడే గాని హారను మీద చెయ్యి తియ్యలేదు. ఫోను చేస్తూనే ఉన్నాను. మోగుతోంది, ఎత్తడం లేదు. ఇంటి ఓనర్ని తిడదామన్నా, కరెంటోళ్లని తిడదామన్నా నోరు రాలేదు. పగలగొట్టినా పగలకూడదని అడిగి కొన్నది నేనే కదా!

మా సందులోకి పరిగెత్తేసరికి ఫైరింజను నిలబడి ఉంది. మంట ఆరిపోయింది. తడిసిన పరుపులు నల్లటి ముద్దలై వీధిలో పడున్నాయి. ఎదురింటి అరుగు మీద మా అమ్మాయి కూర్చుని ఉంది, మొహమంతా మసి. వాటేసుకుని ఒళ్లంతా తడిమి చూశాను.

"ఎట్ల బయటపడితివే?"

పక్కకు చూపించింది. ఎదురు వాటా ఆవిడ. రెండు అరచేతులకీ తడిగుడ్డలు చుట్టారు. పొగలోనే మెట్లెక్కి, కారం నూరే గుండ్రాయితో గొళ్లెం ఊడేదాకా కొట్టిందట. మా పిల్లని రెక్క పట్టుకుని మిద్దె మీదికి లాగిందట. మంట ఆరాక ఫైరోళ్లు ఇద్దర్నీ కిందికి దించారట.

దగ్గరికి వెళ్లాను.

ఆవిడే అంది, కోపం కూడా లేకుండా: "నీ మిరపకాయలు పైన అట్లే ఉండాయి అక్కా. పోయి సూసుకో పో."

నేను పైకి పోలేదు. ఆవిడ కాళ్ల దగ్గరే కూలబడి ఏడ్చాను.