ఏడు సపోర్టుల తంబూర

తంబూర జేసుడు అంత కష్టమేం గాదు. నేను ఆరు రోజుల్ల జేసిన. జర మోగితే బాగుండు, గంతే! మొన్న ఆదివారం ఏమైందో మీ చెవున బడే ఉంటది, బెల్లంపల్లి అంతట తిరిగింది గా ముచ్చట. అయినా నా నోటితోని ఇనుండ్రి. బయటోళ్లు సపోర్టులు పదిహేను అంటున్నరు. అబద్ధం! ఏడే.

నాది బొగ్గుబాయిల టింబర్‌మన్ పని. మనుషులు బొగ్గు కొట్టే కాడ పై బండ కూలకుండ కింద సపోర్టు కర్రలు నిలవెట్టుడు. నేను సపోర్టు పెట్టిన కాడ ఇప్పటిదాంక గులకరాయి సుత రాలలే. గీ మాట ఇప్పుడే ఎందుకు చెప్తున్ననంటే, మొన్న ఆదివారం సంది ఎవ్వలు అడుగుతలేరు.

ఇగ తంబూర మా మామది. నా పెండ్లాం మార్త వాళ్ల బాపు, దావీదు మామ. వేములవాడ దిక్కు పల్లెలల్ల ఏసు కీర్తనలు పాడే మనిషి. మా క్వార్టర్ల కాడ కొత్త ప్రార్థన మందిరం కట్టిండ్రు గద, ఆదివారం ఓపెనింగ్. దానికోసమే కొత్త కీర్తన కట్టుకోని సోమవారమే దిగిండు. తంబూరను గొంగడిల సుట్టి మంచం మీద పండవెట్టిండు. నేను మొదటి షిఫ్ట్ నుంచి వచ్చి మంచం మీద కూసున్న.

పోలీస్ యాక్షన్ అయింది, నిజాం పోయిండు, హైదరాబాద్ స్టేట్ పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది, గా తంబూరకు గీత పడలే. నేను కూసున్న. ఫట్!

మామ తిడితే బాగుండు. "పోనీ బిడ్డా" అన్నడు. ముక్కలు ఏరి మళ్ళ గొంగడిలనే కట్టిండు. జర సేపైనంక మెల్లగ, "అల్లుడా, శ్రుతి లేకుంటే నా గొంతు ఎటు వోతదో నాకే తెల్వది. ఆదివారం నన్ను పాడుమనకుండ్రి" అన్నడు. నాకు సచ్చినంత సిగ్గయింది.

"నేను జేస్త, మామా! ఆదివారం వరకు కొత్తది నీ చేతుల పెడ్త."

లోపట్నుంచి మార్త, "బాపూ, నమ్మకు! గీయన జేసిన పీట మీద కూసుంటే ఉయ్యాల ఊగినట్టుంటది" అన్నది.

గుమ్మడి టేకు అనే తేలిక కట్టె దుంగ తెచ్చి వెనుక రేకుల షెడ్డుల పని మొదలువెట్టిన. "కడుపు మంచిగ తొలువాలె, పైపలక పలుచగుండాలె" అని చెప్పి, మంచిర్యాలల చుట్టం ఉన్నడు, తీగలు గూడ ఆడనే కొనుక్కొస్త అని మామ పోయిండు. రోజూ షిఫ్ట్ అయినంక ఉలి పట్టుకున్న. కడుపు తొలిచిన, పొడుగు దండె నిలవెట్టిన, పైపలకను రందా బట్టి పలుచగ జేసిన. గురువారం నాడు పలకను ఉత్తగ మీద పెట్టి, ఏలు మడిచి కొట్టి చూసిన.

బొంయ్!

రెండడుగులు వెనుకకు దుంకిన.

బాయిల దిగినంక మాకు మొదటి పని గదే. ఇనుప రాడ్డుతోని పై బండను కొట్టి ఇనాలె. ఖంగుమంటే గట్టిగున్నట్టు. బొంయ్‌మని డొల్లగ మోగితే బండ పైన ఇడిసిందన్నట్టు, ఇయ్యాలో రేపో నెత్తిమీద పడ్తది. డొల్ల మోగితే రెండే దారులు: ఉరుకుడు, లేకుంటే సపోర్టు పెట్టుడు. తంబూరను ఇడిసి ఉరికితే మామకు ఏం చెప్పాలె? సపోర్టు పెట్టిన.

ఏలంత కర్ర కోసి కడుపుల నిలవెట్టిన. పలక పెట్టి కొట్టిన. ఇంకా డొల్లనే. రెండోది పెట్టిన. మూడోది. ఏడోది పెట్టి, సందుల్ల సన్న చెక్కలు గుచ్చి బిగిచ్చినంక ఖట్‌మన్నది. ప్రాణం లేచొచ్చింది! సరేసు కాగవెట్టి పలక అతుకవెట్టిన.

అయినా అనుమానమే. మా రహీం సర్దారును పిలిచిన. బాయిల మా జాగల బండ మంచిగున్నదా లేదా చెప్పేది ఆయనే. వచ్చిండు, కట్టెతోని నాలుగు దిక్కుల కొట్టి ఇన్నడు.

"ఫికర్ జెయ్యకు భాయ్, పక్కా ఉన్నది. దీని కింద పది మందిని పనికి దించొచ్చు!"

మామ ఆదివారం పొద్దుగాల రైలుబండికి దిగి సీదా మందిరానికే వచ్చిండు. ఆడనే కూసోని, మీటి చూసే టైం లేక ఉత్తగ తీగలు కట్టిండు. "చూస్తే మంచిగున్నది అల్లుడా" అన్నడు. నేను మీసం దువ్వుకున్న. పాస్టర్‌గారు ప్రార్థన జేసిండు. మామ లేచిండు, కండ్లు మూసుకున్నడు, తీగ మీటిండు.

టిక్.

మళ్ళ మీటిండు. టిక్. ఇంకా శ్రుతి జేస్తుండు అనుకోని పాస్టర్‌గారు ఓపికగ నిలవడ్డడు. మామ తంబూరను చెవి కాడ పెట్టుకున్నడు.

"అల్లుడా, దీని కడుపుల ఏమన్న పెట్టినవా?"

"సపోర్టులు, మామా."

"ఎన్ని?"

"ఏడు."

"ఎందుకు?"

"డొల్ల మోగింది."

మామ తంబూరను చెవి కాడి నుంచి దించిండు. "డొల్ల మోగకుంటే గది తంబూర ఎట్లయితది బిడ్డా? పీట అయితది."

గప్పుడు చూడాలె! మందిరంల సగం మంది మా బాయోళ్లే. వెనుకనుంచి ఒకాయన లేచి, "గదేంది పెద్దాయనా! డొల్ల మోగితే సపోర్టు పెట్టక ఏం జేస్తడు?" అన్నడు. "నిజమే, పెట్టాలె!" అని ఇంకో నలుగురు. ఆడోళ్ల దిక్కు మార్త కొంగు నోట్ల కుక్కుకోని నవ్వుతుంది. మామకు గూడ నవ్వాగలే. గా నవ్వుతోనే, పలక మీద ఏళ్లతోని తాళం కొట్టుకుంట కీర్తన పాడిండు. గొంతు రెండు కాడ జారింది. అందరు వాహ్ అన్నరు గని, గా రెండు కాడ నేను నెత్తి ఎత్తలే.

ఇంటికొచ్చినంక మామ, "సపోర్టులు తీసి మళ్ళ పలక పెట్టు" అన్నడు.

"తీస్త మామా. గని సపోర్టు తీసేటప్పుడు దగ్గర మనుషులుండొద్దు. రూల్."

మామను, మార్తను వాకిట్ల నిలవెట్టిన. నెత్తికి బాయి టోపీ పెట్టుకున్న. వేడినీళ్లతోని సరేసు కరగవెట్టి పలక ఊడదీసి, ఒక్కొక్క సపోర్టే పీకిన. ఏం కూలలే. పలక మళ్ళ అతుకవెట్టినంక, నిన్న తీగలు కట్టి మామ మీటిండు. బొంయ్‌మని ఇల్లంత నిండింది! ఆయన కండ్లల్ల నీళ్లు. "పాతదానికన్న మంచిగ పలుకుతుంది అల్లుడా" అన్నడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. సంతోషం సంతోషమే గని, ఆయన మీటంగనే నా కాళ్లు నన్నడగకుంటనే తలుపు దిక్కు ఉరుకుతున్నయి.

ఇయ్యాల పొద్దుగాల సంది మామ ఇంట్ల పాడుతనే ఉన్నడు. డ్యూటీ లేదు గద, ఇల్లిడిసి గీ చాయ్ హోటల్ల కూసున్నవేంది అని ఇందాక అడిగిండ్రు మీరు. గందుకే.