పక్క సీటు పరీక్ష

గడియారం డ్రైవరు కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు ఆ డిపోలో ఎవరూ లేరు, ఒక్క స్టీరింగు వెనక తప్ప. అక్కడ కూర్చుంటే మాత్రం మనిషే మారిపోతాడు. ఇరవై రెండేళ్లు ఒకే రూటులో బస్సు నడిపాడు. ఆయన బస్సు స్టాపులోకి వచ్చిందంటే ఎదురుగా ఉన్న మందుల షాపాయన గోడ గడియారం సరిచేసుకునేవాడు. పేరు అలా వచ్చింది. కన్నవాళ్లు పెట్టిన పేరు డ్యూటీ చార్టులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

అలాంటి మనిషి నాలుగు నెలలుగా షెడ్డులో నీళ్ల పైపు పట్టుకుని ఇతరుల బస్సులు కడుగుతున్నాడు. ఒక వాన పొద్దున వంతెన పక్క మలుపులో ఆయన బస్సు జారింది. సైకిలు మీద వెళ్తున్న పెద్దాయన కాలు విరిగింది. రోడ్డు మీద ఎవరో నూనె ఒలకబోశారని, డ్రైవరు తప్పేమీ లేదని విచారణలో తేలింది. పెద్దాయన కాలు అతుక్కుంది, మళ్లీ సైకిలు తొక్కుతున్నాడు కూడా. ఇక దాటాల్సిన గండం ఒక్కటే, గుండె పరీక్ష.

అది కొత్త రూలు. ప్రమాదం జరిగిన డ్రైవరుకు భయం పోయిందని తేలితే గానీ బండి ఇవ్వరు. ఛాతీకి బెల్టు కట్టి, కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ తగిలించి, పన్నెండు నిమిషాల బస్సు ప్రయాణం చూపిస్తారు. అందులో అచ్చం అలాంటి వాన, అలాంటి మలుపు ఉంటాయి. గుండె నిమిషానికి నూటపది సార్లకు మించి కొట్టుకోకూడదు. మూడే అవకాశాలు. మూడోది కూడా పోతే ఇక జన్మలో స్టీరింగు ముట్టుకునేది లేదు. మొదటిసారి నూట ఇరవై నాలుగు వచ్చింది. రెండోసారి నూట ముప్పై ఒకటి.

అప్పట్నుంచీ ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వంటగదిలోకి వెళ్తాడు, ఎందుకొచ్చాడో మర్చిపోయి వరండాలోకి వస్తాడు, నిలబడి మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టుకుంటాడు. టీ మానేశాడు. ఎవరో చెబితే ఊపిరి బిగబట్టడం మొదలుపెట్టి దగ్గు తెచ్చుకున్నాడు. కుట్టుమిషను దగ్గర కూర్చున్న భార్యకు ఓపిక నశించింది.

"ఆ మణికట్టు వదలండి బాబూ, అరిగిపోతుంది."

"నేను పిరికివాణ్ణయిపోయానే," అన్నాడాయన.

ఆవిడ చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. ఆయన మళ్లీ వరండాలోకి వెళ్లిపోయాడు.

మూడో పరీక్ష రోజు రానే వచ్చింది. గదిలో బెల్టు కట్టే టెక్నీషియన్ అమ్మాయి, అద్దం అవతల డిపో డాక్టరు.

"కాస్త కదలకుండా ఉండండి బాబాయ్, మీతోపాటు కుర్చీ కూడా ఊగుతోంది," అంది అమ్మాయి హెడ్‌సెట్ బిగిస్తూ.

బస్సు కదిలింది. హెడ్‌సెట్‌లో ఆయన కూర్చున్నది డ్రైవరు పక్క సీటులో. గత రెండుసార్లూ ఆ మలుపు ఎప్పుడొస్తుందా అని రోడ్డు చివరికే చూపు అతికించి కూర్చున్నాడు. ఈసారి మెడ పట్టేసి డ్రైవరు వైపు తిరిగాడు. బండి నడిపేవాడి చేతులు కనిపించాయి. ఒక చెయ్యి స్టీరింగు మీద, రెండోది గేరు రాడ్డు మీద దరువు వేస్తోంది. ముందు పసుపు లైటు వెలిగింది. వాడు వేగం తగ్గించలేదు. లారీ పక్కనుంచి జానెడు దూరంలో దూసుకుపోయాడు. గడియారం డ్రైవరు కుడికాలు నేలను గట్టిగా తొక్కింది.

"బ్రేకు కొట్టరా నాయనా!" అని అరిచాడు.

"అయ్యో బాబాయ్, నూట పద్దెనిమిది! ఇంకా మలుపు రానేలేదు కదా!"

ఆయన గబుక్కున హెడ్‌సెట్ ఊడబీకాడు. మధ్యలో తీస్తే పరీక్ష పోయినట్టే. డాక్టరు విసుక్కుంటూ లోపలికొచ్చాడు.

"సార్, పాత రెండు పరీక్షల్లో ఆ మలుపు దగ్గర ఎంత ఉందో ఒక్కసారి చూడండి," అన్నాడు గడియారం డ్రైవరు.

మిషను అన్నిటికన్నా పెద్ద అంకెను మాత్రమే కాగితం మీద అచ్చు వేస్తుంది. మిగతాది ఇంతవరకూ ఎవరూ చూడలేదు. అమ్మాయి తెర మీద వెతికింది. మలుపు దగ్గర ఒకసారి తొంభై ఆరు, ఇంకోసారి తొంభై తొమ్మిది. వీడియో తీసినవాళ్లు మలుపు బాగా కనిపించాలని అక్కడొక్కచోటే బండి మెల్లగా పోనిచ్చారు.

"ఆ వీడియోలో వాడు తోలే తీరు చూసి కూడా పక్క సీటులో ఉన్న డ్రైవరు గుండె దడదడలాడలేదంటే, ఆ పక్క సీటు డ్రైవరుకు బండి ఇవ్వకండి సార్," అన్నాడు గడియారం డ్రైవరు.

డాక్టరు కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత, ముప్పై ఏళ్లలో బండికి గీత కూడా పడనివ్వని డిపో పెద్ద డ్రైవరును పిలిపించి కుర్చీలో కూర్చోబెట్టాడు. నాలుగో నిమిషానికల్లా ఆయన, "ఓరి నీ తోలుడు తగలెయ్య!" అంటూ సగం లేచి నిలబడ్డాడు. నూట ఇరవై ఎనిమిది. ఆ తర్వాత, సైకిలు కూడా తొక్కడం రాని డాక్టరు తానే హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. మొదటినుంచి చివరిదాకా డెబ్బై నాలుగు.

"నాకేం తేడా తెలియలేదే," అన్నాడు సిగ్గుపడుతూ.

ఫారం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. సంతకం దగ్గర పెన్ను ఆపాడు.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. ఆ మలుపంటే మీకు నిజంగా భయం లేదా?"

డాక్టరు వెనక నిలబడిన అమ్మాయి, లేదనండి లేదనండి అని తల ఊపుతోంది. ఆ ఒక్క మాట అంటే స్టీరింగు చేతికొచ్చినట్టే. ఆయనా అందామనే నోరు తెరిచాడు.

"ఉంది సార్. పెద్దాయన పడ్డ చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది. బండి ఇచ్చినా ఆ మలుపులో నాకు భయం వేస్తుంది. అక్కడ మెల్లగా పోతాను. బస్సు రెండు నిమిషాలు ఆలస్యం అయితే అవనివ్వండి."

అన్నాక తల దించుకున్నాడు. అంతా తన నోటితోనే పోగొట్టుకున్నాననుకున్నాడు. ఎదురుగా కాగితం మీద పెన్ను గీసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"రేపటి మొదటి ట్రిప్పు మీదే," అన్నాడు డాక్టరు.

బెల్టు విప్పడానికి ముందుకొచ్చిన అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంది. గడియారం డ్రైవరు రెండు చేతుల్లో మొహం దాచుకుని, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.