ఆరబెట్టే పనికి పేరు పెట్టిన సారు

పొద్దున నుంచి మబ్బు పట్టింది కాని చినుకు లేదు. ఆడవాళ్లు నారు పీకుతున్నారు. నేను కట్టలు మోసి గట్టున వేస్తున్నాను. హుజూర్‌నగర్ నుంచి సైకిల్ మీద వచ్చిన తమ్ముడు గట్టు మీదే ఆగి చెప్పాడు: "అన్నా, కంప్యూటర్ సారు పోయిండంట."

సారు ఆ ఊళ్లో చిన్న కంప్యూటర్ సెంటర్ నడిపారు. తొంభైల మొదట్లో నేను అక్కడే నేర్చుకొని, కొన్నాళ్లు అక్కడే పనిచేశాను. ఎవరు వచ్చినా తన టీలో సగం సాసర్‌లో పోసి వాళ్ల ముందుకు జరిపేవారు.

వరి తెగుళ్లకు సలహా చెప్పే ప్రోగ్రాం ఒకటి రాశారు. నియమాలతో నడిచే భాషలో రాసింది అది: ఈ గుర్తు కనిపిస్తే ఈ పని చెయ్యి. దోమపోటు నియమం చివర, ఎండాకు తెగులు నియమం చివర, ఇంకా కొన్నింటి చివర ఒకే మాట ఉండేది: మడిలో నీళ్లు తీసి ఆరబెట్టాలి.

ఒక వానాకాలం సైదమ్మ అనే రైతు దోమ పట్టిన వరి దుబ్బు పట్టుకొచ్చింది. ఆమె మడి కాలువ చివర, వంతు నీళ్లు అందరి తర్వాత అందేవి. ఇంటికి తిండిగింజలు ఆ ఒక్క మడివే. సలహా చదివి వినిపించగానే నిలదీసింది.

"తీసేస్తే మళ్ల నా వంతు నీళ్లు ఎప్పుడొస్తయి సారూ? పైరు ఎండినంకనా? మీ డబ్బకు కాలువ ఎరుకనా?"

"ఎరుక లేదక్కా. నేర్పిస్త," అన్నారు సారు. ముందు నీళ్ల వంతు అడగాలని, అది దూరముంటే మడిలో పదును మిగిలేటట్టే తీయమని చెప్పాలని ఆ నియమాన్ని దిద్దారు.

కొన్నాళ్లకు అదే మడికి ఎండాకు తెగులు వచ్చింది. కంప్యూటర్ మళ్లీ పాత మాటే చెప్పింది.

"అప్పుడే మరిసిందా? మంచి సదువే చెప్పినవు సారూ!" అని సైదమ్మ నవ్వింది. సారు నవ్వలేదు. ఆయన దిద్దింది ఒక్క దోమపోటు నియమాన్నే. ఆమె మాట్లాడకుండా ఇంటికి పోయి నీళ్లు తీసేసి ఉంటే మడి పోయేది.

ఆ మధ్యాహ్నమే నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ప్రతి నియమం చివరా ఉన్న ఆ వరుసలు తీసేయించారు. ఆరబెట్టడాన్ని ఒక్కచోట, వేరే పనిగా రాసి, 'ఆరబెట్టు' అని పేరు పెట్టారు. ఏ మడి, ఏ తెగులు అన్నది ఇస్తే చాలు. వంతు అడగడం, నీళ్లు ఎంత తీయాలో చెప్పడం అదే చూసుకుంటుంది. నియమాలు దాన్ని పేరుతో పిలిస్తే సరిపోతుంది.

"ఒక్క పనిని ఎన్నితాన్ల రాస్తవు? పేరు పెట్టి ఒక్కతాన రాయి. గా ఒక్కటి దిద్దితే అందరికి దిద్దినట్టే," అన్నారు.

సైదమ్మ మడి ఆ ఏడు నిలిచింది. తర్వాత ఏ కొత్త తెగులుకు నియమం రాసినా, నీళ్లు తీయాల్సి వస్తే చివర ఆ పేరు వేసేవాళ్లం. కాలువ చివరి వాళ్లు నోరు తెరవకముందే కంప్యూటర్ వాళ్ల వంతు అడిగేది. ఇప్పుడు సెంటర్ నడిపేది సారు దగ్గర నేర్చుకున్నవాళ్లే. 'ఆరబెట్టు'ను అలాగే ఉంచారు.

తమ్ముడు కబురు తెచ్చిన మరునాడు సారును సాగనంపడానికి వెళ్లాం. సైదమ్మ కూడా వచ్చింది. మధ్యాహ్నం కాకముందే వెళ్లిపోయింది. ఆ రోజు ఆమె మడికి నీళ్ల వంతు.