రాముడు ఎక్కివచ్చిన పల్లకి

మా ముత్తాత ఏడు గ్రామాల జమీందారు. మా తాత కొలువులో కవులు భోజనం చేసేవారు. రాముడు పల్లకిలో వచ్చే మంగళహారతి మా ముత్తాత రాసినదే.

చక్కెర వర్తకుడి గుమాస్తాగా నేను మారిషస్ వెళ్ళినప్పుడు, కాత్ర్ బోర్న్ అనే ఊరి దగ్గర, తాతల కాలంలో చెరకు కూలీలుగా ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్ళ భజనలో ఆ పాట విన్నాను. అందులో రాముడు పడవలో వస్తున్నాడు. లేచి పాట ఆపించాను.

"పడవ కాదు, పల్లకి. రాసింది మా ముత్తాత."

భజన నడిపే అప్పన్న తాళాలు కింద పెట్టాడు. "తగువు తెచ్చావా బాబూ? అయితే ఇక్కడి ఆనవాయితీ విను. నీ మాట నువ్వు పాడు, నా మాట నేను పాడతాను. జనం ఎవరి వెంట అందుకుంటే వాళ్ళదే పాట. ఓడినోడు వడ్డించాల."

నిటారుగా నిలబడి పాడాను. ఒక్క గొంతూ కలవలేదు. అప్పన్న "పడవ" అనగానే పందిరంతా అందుకుంది.

"మా తాతలు మోసిన పల్లకులు చాల్లే బాబూ," అని ఒక ముసలమ్మ నవ్వింది. "రాముణ్ణి కూడా మోయమంటావా? పడవైతే ఆయనా మాతోపాటే కూకుంటాడు."

పులిహోర గంగాళం నా ముందు పెట్టారు. బంతి పొడుగునా వంగి వడ్డించాను. నేను ముసలమ్మ ఆకు దగ్గరికి రాగానే, ఆమె "మీ ఇంట్లో పల్లకి ఇంకా ఉందా, రాజావారూ?" అని అడిగింది. ఆమె ఆకులో ఒక గరిటె ఎక్కువ వేసి ముందుకు కదిలాను.

మా పల్లకిని, వెండి తొడుగులతో సహా, నాన్నగారు ఒక ఉప్పు వర్తకుడికి అమ్మారు.