తప్పిన తూటాల గోడ

హిల్దో ఆర్సే వెల్ల వేసిన గోడ మీద ఈగ వాలి, జారిపడి, కాలు విరగ్గొట్టుకున్న సంగతి సాన్ హెర్వాసియోలో అందరికీ తెలుసు. చూసినవాళ్లు లేరు, నమ్మనివాళ్లూ లేరు. సున్నంలో ఆయన నాగజెముడు మట్టల జిగురు కలుపుతాడు. పాళ్లు అడిగితే, "నాలిక్కి రాసుకుంటా, అది నన్ను తిట్టిపోస్తే సరిపోయినట్టే" అంటాడు.

తాత నుంచి ఆయన దాకా వచ్చిన ఆస్తి ఒక్కటే. పాత సైనిక బ్యారక్‌కి ఏటా వెల్ల వేసే కుంచె. బ్యారక్ ఇప్పుడు ప్రాంతీయ చరిత్ర మ్యూజియం. లోపల తుప్పు పట్టిన తుపాకులూ, గుర్రపు జీన్లూ, ఎవరిదో తెలియని కట్టుడు పళ్లూ ఉన్నాయి గానీ, ఊరికి కావలసింది లోపలి ముంగిట్లో గోడ. ముత్తాతలు తలుపు బద్దలుకొట్టి దూసుకొచ్చిన రోజున సిపాయిలు కప్పు మీంచి కాల్చిన తూటాల గుంతలన్నీ దాని మీదే. ఇంటికో గుంత. తమ ముత్తాతకి తగలకుండా తప్పిపోయిన తూటా అది. ఆ రోజు గుర్తుగా ఏటా చేసే పండగనాడు ఎవరి గుంతలో వాళ్లు బంతిపువ్వు గుచ్చుతారు.

ఇన్నేళ్లూ హిల్దో ఆ గుంతల చుట్టూ కుంచె తిప్పుతూ పోయేవాడు. ఈ ఏడు డబ్బా పెయింట్లు వేసే తొరీబియో సంతలో నిలబడి, "డాన్ హిల్దో చెయ్యి వణుకుతోందట" అన్నాడు. అంతే! పండగ ముందురోజు పొద్దున్నే హిల్దో తాపీ కూడా పట్టుకెళ్లి, మధ్యాహ్నానికల్లా గోడని కోడిగుడ్డులా చేసి కూర్చోబెట్టాడు.

మ్యూజియం డైరెక్టర్ ఇట్సెల్ వచ్చి నిలబడిపోయింది. "డాన్ హిల్దో, గుంతలేవి?"

"ఎంత నున్నగా ఉందో చూశారా డైరెక్టరమ్మా, చెయ్యి పెడితే..." గోడ మీద చెయ్యి ఆనించాకే హిల్దోకి తను పూడ్చిందేమిటో తట్టింది.

"రేపు పూలు ఎక్కడ గుచ్చుతారు, నా జడలోనా? సాయంత్రానికి గుంతలు తిరిగి రాకపోతే ఈ గోడ తొరీబియోది."

గుంతలెక్కడుండేవో చూద్దామంటే, ఉన్న ఒక్క ఫోటోలో గోడకి అడ్డంగా ఓ పాత మేయరూ ఆయన బంధుబలగమూ నిలబడి ఉన్నారు. హిల్దో ఫోటో అడగనే లేదు. తిన్నగా బ్యారక్ తలుపు దగ్గరికెళ్లి కూడలి అదిరేలా కేకేశాడు.

"సున్నం ఇంకా పచ్చిగానే ఉంది! ఎవరి గుంత వాళ్లొచ్చి చూపించండి. బిగిశాక వస్తే మీ ముత్తాతకి తూటా తగిలినట్టే!"

ఊరు ఊరంతా వచ్చిపడింది. ముసలి డోన్యా ఒబ్దూలియా గోడకి వీపు ఆనించి నిలబడింది. "పెళ్లినాటికి మా గుంత సరిగ్గా నా చెవి దగ్గరికొచ్చేది."

"ఇప్పుడు నువ్వు కుంగిపోయావు కదవ్వా!" అన్నాడో కుర్రాడు.

"నేను కుంగడమేమిట్రా, గోడే పెరిగింది. హిల్దో, నువ్వు వేలు గుచ్చు."

హిల్దో ఆమె చెవికి జానెడు పైన బొటనవేలు నొక్కాడు. సర్రున దిగింది. కసాయి ఎలియాసర్‌కి చిన్నప్పుడు నాన్న భుజాల మీంచి గుచ్చడమే గుర్తుంది. "ఎవరైనా ఎత్తండి!" అన్నాడు. ఆ పర్వతాన్ని ఎత్తినవాళ్లలో తొరీబియో కూడా ఉన్నాడు.

చివరికి రొట్టెలు కాల్చే పాన్‌ఫిలా రువేలాస్ పువ్వు పట్టుకుని వచ్చింది. జనం దగ్గడం మొదలుపెట్టారు. ఆ రోజున ఆమె ముత్తాత రొట్టెల బట్టీలో దాక్కున్నాడు మరి, వాళ్లింటికి గుంతే లేదు.

"మాది ఇక్కడ" అందామె. హిల్దో నొక్కాడు. వేలు దిగలేదు.

"బట్టీలో వెతుకు, నేస్తమా!" అని ఎలియాసర్ అరిచాడు.

"నోర్ముయ్! పూడ్చింది నేను. ఇక్కడ గుంత లేదనాల్సింది నేను, నువ్వు కాదు." హిల్దో తాపీ మొన గోడలోకి దించి గుండ్రంగా తిప్పాడు. "ఇక్కడ సున్నం కాస్త ముందే బిగిసింది, అంతే."

పాన్‌ఫిలా పువ్వు కాడ ఆ గుంతలో పెట్టి, సరిపోయిందో లేదో చూసుకుంది.

పొద్దు వాలుతుండగా ఇట్సెల్ లెక్కపెట్టింది. "తలుపు దగ్గరి రాతి పలక మీద గుంతలు ఇరవై మూడని ఉంది. ఇవి ఇరవై నాలుగు."

ఊరంతా ఆకాశం వంక చూసింది. హిల్దో కుంచె కడుక్కుంటూ అన్నాడు, "నాగజెముడు తాగిన గోడ, డైరెక్టరమ్మా. ప్రాణమున్న గోడ. ఒకటి ఈనింది."

ఎలియాసర్‌ని ఎత్తి నొప్పెట్టిన భుజం రుద్దుకుంటున్న తొరీబియో వైపు ఇట్సెల్ తిరిగింది. "నీ పెయింటు ఈనుతుందా?"

"ఈనదండీ" అన్నాడు తొరీబియో నేల చూపులు చూస్తూ.

కుంచె ఇప్పటికీ హిల్దో ఇంట్లోనే ఉంది. తాపీ మాత్రం డైరెక్టర్ బీరువాలో, తాళం కింద.