గౌరి ఫ్లాస్కుల్లో పులుపు

2013లో శృంగవరపుకోట దగ్గర ఓ చిన్న ఫ్యాక్టరీ ల్యాబులో నేను సీనియర్ కెమిస్టుని. చక్కెర తీశాక మిగిలే నల్లటి మడ్డి, అంటే మొలాసిస్, మాకు డ్రమ్ముల్లో చవగ్గా దొరికేది. దాన్ని గాజు ఫ్లాస్కుల్లో పోసి ఆస్పర్జిల్లస్ అనే నల్ల బూజును పెంచితే అది తీపిని తిని సిట్రిక్ యాసిడ్ ఇస్తుంది. మీరు నిమ్మ ఉప్పు అనేది అదే. మడ్డిలో ఇనుము ఎక్కువుంటే మాత్రం బూజు ఒళ్లు పెంచుకుంటుంది, పులుపు ఇవ్వదు. అందుకే ముందు ఫెర్రోసైనైడ్ అనే మందు వేసి ఇనుమును తీసేస్తాం.

ఆ ఏడాది ఫెర్మెంటర్, అంటే బూజును పెంచే పెద్ద స్టీలు ట్యాంకు, కొనబోతున్నారు. ఎవరి ఫ్లాస్కుల్లో యాసిడ్ ఎక్కువొస్తే ట్యాంకు బాధ్యత వాళ్లదేనన్నారు మేనేజరు గారు. అది నాకే వస్తుందని ఇంట్లో చెప్పేసుకున్నాను కూడా.

నాకన్నా ఆరేళ్లు వెనక చేరిన గౌరికి పని నేర్పింది నేనే. రెండు నెలలుగా ఆమె ఫ్లాస్కుల్లోనే యాసిడ్ ఎక్కువ. నాకు ఒళ్లు మండిపోయేది. ఆమెను ఎవరైనా మెచ్చుకుంటుంటే లేచి వెళ్లి కడిగిన బీకర్లే మళ్లీ కడిగేదాన్ని.

ఆమె ఫలితాల కాగితం మీద సీనియరుగా నేనే సంతకం పెట్టాలి. తప్పు దొరకాలని మనసారా కోరుకుంటూ, అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు ఆమె శాంపిళ్లకు మళ్లీ టైట్రేషన్ చేశాను. క్షారం చుక్కచుక్కగా వేసి యాసిడ్‌ని కొలవడం అది. మూడుసార్లు చేసినా అదే అంకె.

వెనక నుంచి గౌరి గొంతు. "ఏటక్కా, నా లెక్క తప్పొచ్చిందేటి?"

"లేదు. సరిగ్గానే ఉంది." ఆ రెండు మాటలు అనడానికి నాకు ప్రాణం పోయినంత పనైంది. "మందు ఎంత వేస్తున్నావు?"

"డ్రమ్ము డ్రమ్ముకీ మారుస్తానక్కా. అన్నింట్లోనూ ఇనుం ఒకేలాగ ఉంటాదేటి? ముందు సిన్న ఫ్లాస్కుల్లో ఏసి సూసి, ఎంతకి పులుపు బాగొస్తే అంతే ఏస్తాను. పులుసులో ఉప్పు సూసుకోమేటి మనం? నీకు తెల్దేటి?"

తెలుసన్నట్టు తలూపాను. నిజానికి చేరిన కొత్తలో ఒక డ్రమ్ముకి సరిపోయిన కొలతనే అప్పట్నుంచీ అన్నిటికీ వేస్తున్నాను.

కాగితం మీద సంతకం పెట్టాను. ట్యాంకు గౌరికి వెళ్లింది. సంతకం పెట్టేటప్పుడు కుళ్లు తగ్గిందని చెబితే అబద్ధం. కానీ ఆమె అంకెని ఒక్క పూటలో మూడుసార్లు పరీక్షించినదాన్ని, నా కొలతని అన్నేళ్లలో ఒక్కసారి కూడా పరీక్షించుకోలేదు.