అత్త గోలీలతో తాండూరు నుంచి వికారాబాద్‌కు

మూడు నెలలకోసారి నేను మేనత్తతో వికారాబాద్ వెళ్లొస్తే మా ఇంట్లో దాన్ని జాలి అంటారు. "పిల్లది మంచి మనసుది" అని అమ్మ అందరికీ చెబుతుంటే ఒళ్లు మండుతుంది. ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాదు, అత్తకంటే మంచి తోడు నాకు దొరకలేదు, సంగతి అంతే. అత్తకు హెచ్ఐవీ. మామ పోయినప్పుడు తేలింది, ఇరవై ఏళ్లు కావస్తోంది. ఇప్పుడామెకు యాభై తొమ్మిది. అడిగే రాస్తున్నాను, పేరు మాత్రం వద్దంది.

తాండూరులో పొద్దున ఏడు దాటాక రైలెక్కితే గంట అటూ ఇటూగా వికారాబాద్. టికెట్టు ఇరవై రూపాయలైనా కాదు, బస్సు కుదుపులూ ఉండవు. అత్త హెచ్ఐవీ గోలీల సీసాకు చీటీ ఉండదు, ఎవరూ చదవకుండా తనే చించేసింది; గలగలమనకుండా లోపల దూది కుక్కి ఉంటుంది. ఈసారి పక్కన ఇంకో సంచి కనిపించింది: తాండూరు డాక్టరు రాసిన షుగరు, కాల్షియం గోలీలు. ఇవి వికారాబాద్‌లో హెచ్ఐవీ డాక్టరుకు చూపించవా అన్నాను.

"ఎందుకే? షుగరని చెప్తే పట్నం పెద్ద దవాఖానకు తోలుతరు. గాడ మనోళ్లు ఎవలన్న కనవడ్తరు."

అంటే ఇన్నాళ్లూ ఒక డాక్టరుకు ఇంకో డాక్టరు మందుల సంగతే తెలియదు. "రెండూ నీ కడుపులనే కలుస్తయి గద అత్తా" అంటే కిటికీ వైపు తిరిగింది.

స్టేషన్ బయట ఆటోకు మనిషికి ఇరవై. ఆమె ఎక్కే తీరు చూసి డ్రైవరు "మోకాళ్లా పెద్దమ్మా?" అన్నాడు.

"మోకాళ్లే బిడ్డా" అంది అత్త గొప్పగా. తర్వాత నా చెవిలో, "రెండేండ్లు కూడ బతకదన్నరు నన్ను. ముసల్దాన్నయి మోకాళ్లు నొస్తుంటే సంబురం కాదా?"

హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో పదిన్నరకు మా వంతు వచ్చింది. పరీక్షలూ మందులూ ఉచితమే. వేరే మందులేమైనా వాడుతున్నారా అని డాక్టరమ్మ అడిగింది. అత్త నా వైపు చూసింది. నేను సంచి ముట్టుకోలేదు. తనే దాన్ని బల్ల మీద బోర్లించింది. డాక్టరమ్మ కోప్పడలేదు. హెచ్ఐవీ మందుతో కలిస్తే షుగరు గోలీ ప్రభావం పెరగొచ్చు, మోతాదు సరిచూడాలని, కాల్షియం దీంతో కలిపి ఖాళీ కడుపున వేసుకోవద్దని కాగితం మీద రాసింది.

"పట్నం తోలుతరా మేడమ్?"

"దీనికెందుకమ్మా? ఈ కాగితం తాండూరు డాక్టరుకు చూపించండి, చాలు."

తిరుగు రైలు కోసం ఎదురుచూస్తూ మిర్చి బజ్జీలు తిన్నాం. "గా డాక్టరుకు చూపిచ్చుడే కష్టం. కంపౌండరు మన గల్లీవోడు" అంది అత్త, అయినా కాగితం జాకెట్లో భద్రంగా పెట్టుకుంది. హెచ్ఐవీ గోలీలు ఆమెకు పాత చుట్టాలు. వయసు తెచ్చిన ఈ కొత్త గోలీలను దాచే అవసరం లేకపోయినా, దాచే అలవాటే చేతికి ముందు వస్తోంది. మీరూ ఎవరినైనా తీసుకెళ్తుంటే ఇంట్లో ఉన్న ప్రతి గోలీ, మోకాళ్లదైనా సరే, ఒకే సంచిలో వేసుకెళ్లండి.

సోమవారం తాండూరు డాక్టరు గదిలోకి అత్తతో నేనూ వెళ్తున్నాను. కంపౌండరును బయటికి పంపమని నేనే అడుగుతాను.